సమస్యాపూరణం: "వ్రాయనట్టి దినమె వ్రాసె నన్ను"

నిర్వాహకుడు:
సన్నజాజి గారు చాలా కాలం తరువాత మళ్ళీ డైరీ తెరిచారట. "మధ్యలో జరిగిందంతా ఎక్కడి నుంచి అందుకోవాలో తోచడం లేదు" అని నాతో అన్నారు. ఆ మాట విన్న క్షణంలో ఈ పాదం నాలుక మీదికి వచ్చింది, ఇక వదలడం లేదు.

వ్రాయనట్టి దినమె వ్రాసె నన్ను

ఇదే చివరి పాదంగా ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. దేవతలకూ రాజులకూ ఈసారి విశ్రాంతినిద్దాం. మన ఇళ్ళలో జరిగే సంగతులు కావాలి.

కొండగాలి:
డైరీ మూతపడిన నెలల్లో మా ఇంటి చరిత్ర అంతా వంటగది క్యాలెండరు మీదే ఉంది.

పాల లెక్క గోడ పట్టికన్ మిగులగా
బండ వచ్చు తేది పక్క నుండ
కలము పట్టకున్న కాలమే బ్రతుకయ్యె
వ్రాయనట్టి దినమె వ్రాసె నన్ను

నిర్వాహకుడు:
బాగుంది! ఆటవెలదిలోకి గ్యాసు బండ ఇంత సులువుగా దిగుతుందని అనుకోలేదు.

నల్లరేగడి:
మొదటి రెండు పాదాలకు నా నమస్కారం. పాల లెక్క పక్కనే బండ తేదీ చూడగానే ఇల్లు కనిపించింది. మూడో పాదం మీదే నా అభ్యంతరం. "కలము పట్టకున్న కాలమే బ్రతుకయ్యె" అని చెప్పేశాక సమస్యాపాదానికి చేయడానికి పనేమీ మిగలలేదు, అదే మాట రెండోసారి విన్నట్టుంది. మూడో పాదంలో కూడా మరొక వస్తువును పెట్టి ఉంటే నాలుగో పాదం ఒక్కసారిగా తలుపు తెరిచేది.

కొండగాలి:
నల్లరేగడి గారూ, మూడో పాదంలో నేను చెప్పదలచినదే అది. వస్తువులు పేర్చి ఊరుకుంటే జాబితా అవుతుంది.

మారేడు:
మేము ఊరు మారాం. సామాను సర్దుకోవడం, పిల్లవాడి బడి, ఈ రెండింటితోనే వేసవి గడిచిపోయింది.

పెట్టె కట్టు పనియె పెద్దదై పోవగా
బిడ్డ కొత్త బడికి బెంగ పడగ
నగర వీథిలోన నన్ను నేను వెతికితి
వ్రాయనట్టి దినమె వ్రాసె నన్ను

ఏటిగట్టు:
"బిడ్డ కొత్త బడికి బెంగ పడగ" ఎంత చక్కని పాదం! ఇందులో నింపుడు మాట ఒక్కటీ లేదు, ఎవరూ చేయి పెట్టనవసరం లేదు. మూడో పాదంలో మాత్రం గణాల లెక్కకు మించి ఒక "ను" మిగిలిపోయింది. "నన్ను నే వెతికితి" అంటే నిలబడుతుంది.

నల్లరేగడి:
గణం నిలబడుతుంది, సరే. కానీ "నన్ను నే" అనగానే పాట పల్లవిలా వినిపిస్తుంది. "నన్ను" అన్నది నాలుగో పాదం చివర ఎలాగూ ఉంది, మూడో పాదంలో ముందే వాడితే దాని బలం తగ్గుతుంది. వెతికింది ఇంటి అద్దె బోర్డును అంటే ఇంకా నిజంగా ఉండేది.

మారేడు:
అద్దె బోర్డులనూ వెతికాను! కానీ ఆ సాయంత్రాలలో వెతికింది వాటిని మాత్రమే కాదు. "నన్ను నే" ఉండనివ్వండి, నాకు అదే కావాలి.

ఏటిగట్టు:
ఇక నా పూరణ. సమస్యాపాదాన్ని విరిచాను, జాగ్రత్తగా చదవండి.

మనుమరాలు తొలుత మాటాడు దినమది
మరచిపోక నేడు మనసు తెరచి
కలము చేతబట్టి కాస్తంత పుటమీద
వ్రాయ నట్టి దినమె వ్రాసె నన్ను

వ్రాయన్, అట్టి దినమె. ఇందులో "రాయని రోజు" లేదు. ఆలస్యంగానైనా రాయగా, ఆ రోజే నన్ను రాసింది.

కొండగాలి:
ఆహా! వ్యతిరేకార్థం మాయమైపోయింది. ద్రుతం, అంటే "వ్రాయన్" చివరి నకారం, చేసిన పనికి చప్పట్లు. మనుమరాలి తొలి పలుకు ఏమిటో కూడా చెప్పండి మాస్టారూ.

ఏటిగట్టు:
"కాకి". అమ్మా కాదు, తాతా కాదు. పిట్టగోడ మీద వాలిన కాకిని చూపించి మరీ పలికింది. వాళ్ళమ్మ ఫోనులో వీడియో ఉందిగానీ, అందులో గాలి చప్పుడే ఎక్కువ. అందుకే రాసి పెట్టాలనిపించింది.

నల్లరేగడి:
విరుపు అందంగా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. ఏటిగట్టు గారికి ఈ విద్యలో సాటి రాగలవారు మన గుంపులో లేరు. కానీ ఇది సమస్యను విప్పలేదు, పక్కకు తప్పించింది. రాయని రోజు మనిషిని ఎలా రాస్తుందన్నదే కదా నిర్వాహకుల ప్రశ్న? మీరు రాసేశారు, ఇక ప్రశ్న ఎక్కడిది? "కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" అన్న పాదాన్ని తెనాలి రామకృష్ణుడు పూరించాడని చెప్పుకుంటాం. అక్కడ ఒక్క పదమూ విరగలేదు. పాండవులను విరాటరాజు కొలువులో నిలబెడితే ఏనుగులు వాటంతటవే దోమ గొంతులో ఇమిడిపోయాయి. అర్థంతో విప్పడం అంటే అది. మరొక మాట, "కాస్తంత" యతి కోసం, "కలము"లోని "క"తో మైత్రి కుదర్చడానికి, వచ్చిన అతిథి.

ఏటిగట్టు:
"కాస్తంత" లేకపోతే అబద్ధమవుతుంది. నేను రాసింది నిజంగా కాస్తంతే, నాలుగు వరుసలు. విరుపు తప్పించుకోవడమైతే అవధానాలలో సగం పూరణలు తప్పించుకోవడమే. మీ పూరణ రానివ్వండి, చూద్దాం.

నల్లరేగడి:
వచ్చింది. ఇది ఇంగ్లండు డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ పలుకు.

కనులు మసకలైన కలమాపితిని నేను
నౌకలేలు కొలువు నడుపుకొనుచు
న్యూటనయ్య కృతికి మేటి పుటను నిల్వ
వ్రాయనట్టి దినమె వ్రాసె నన్ను

1660లో డైరీ మొదలుపెట్టి 1665 నాటి ప్లేగును, 1666 నాటి లండన్ అగ్నిప్రమాదాన్ని కళ్ళకు కట్టినట్టు రాసిన మనిషి, చూపు పోతుందన్న భయంతో 1669లో ఆపేశాడు. చూపు పోలేదు. 1703 దాకా బతికాడు, నౌకాశాఖ కార్యదర్శి అయ్యాడు, రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. 1687లో వెలువడిన న్యూటన్ గ్రంథం ప్రిన్సిపియా ముఖపత్రం మీద అతని పేరుంది. ఆ డైరీలో లేని ఏళ్ళలోనే ఇదంతా జరిగింది.

ఏటిగట్టు:
న్యూట, మేటి అని రెండో అక్షరం కలిపిన ప్రాసయతి చక్కగా పడింది. సంగతి గొప్పది, మనసుకు పట్టింది. కానీ పీప్స్ పేరు పద్యంలో ఎక్కడుంది? కింద ఇంత వ్యాఖ్య లేకపోతే కనులు మసకలైనది ఎవరికో, నౌకలు ఎక్కడివో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? పద్యం తన కాళ్ళ మీద నిలవాలని నాకు చెప్పినది మీరే, "దీప మార్ప వెలుగు తెల్లవారె" సమస్యప్పుడు.

నల్లరేగడి:
ఆ సమస్యను తలచుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. అప్పుడు మీరు "హాయి నిదుర లేచి యరుగుపై కూర్చుండ" అన్నారు. యతి ఎక్కడ పడిందని అడిగితే నాకు ఇప్పటికీ జవాబు రాలేదు.

నిర్వాహకుడు:
జవాబు నేను చెబుతాను. అ, య, హ మూడింటికీ మైత్రి ఉంది. "హా"కు "యరుగు" చెల్లుతుంది. ఏటిగట్టు గారు అప్పుడు మౌనంగా ఊరుకున్నారుగానీ, పాదంలో దోషం లేదు. ఆ తగవు ఇక్కడితో సరి. పీప్స్ పద్యం గురించి ఏటిగట్టు గారన్నది నాకూ న్యాయమే అనిపిస్తుంది. అయినా ఈ పాదానికి ఇంతకంటే సరిపోయిన జీవితం నాకు తోచడం లేదు. మన దక్షిణాదిలో పుదుచ్చేరిలో ఫ్రెంచివారికి దుబాసీగా, అంటే దుభాషిగా, ఉన్న ఆనంద రంగ పిళ్ళై 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశారు. ఓడల రాకపోకలూ సరుకుల బేరాలూ ఇంటి శుభాశుభాలూ ఒకే పుటలో పక్కపక్కనే ఉంటాయి. ఆయన మీద ఎవరైనా పూరిస్తే చదవాలని ఉంది.

పాతబస్తీ:
ఆలస్యంగా వచ్చాను. గుండెకు చిన్న శస్త్రచికిత్స జరిగింది, ఇప్పుడు కులాసా.

చిత్రగుప్తు డింట చేరెనో యన నాకు
మరచినట్టి వన్ని మందు చీటి
చెప్పుచుండె తేది చెరగక నిలుపుచు
వ్రాయనట్టి దినమె వ్రాసె నన్ను

కొండగాలి:
ముందు ఆరోగ్యం జాగ్రత్త అన్నా. దేవతలకు విశ్రాంతి అన్నా చిత్రగుప్తుణ్ణి తెచ్చారు, కానీ ఆయనా గుమాస్తాయే కాబట్టి రానివ్వచ్చు. మందు చీటీలో మనం మరచిన తేదీలు ఉండటం ఎంత నిజం!

నల్లరేగడి:
"చెరగక" చాలు, "నిలుపుచు" అదనం. మీరు కులాసాగా ఉండటం సంతోషం.

సన్నజాజి:
అందరి పద్యాలూ చదివాను. నా పేరుతో మొదలైన సమస్య కాబట్టి నేనూ రాయాలి.

అమ్మ మంచ మొద్ద నర్ధరాత్రులు గడ్ప
పుస్తకమ్ము పెట్టె పొరల దాగె
చెంచ గంజి లోనె జీవితం బిముడగా
వ్రాయనట్టి దినమె వ్రాసె నన్ను

మారేడు:
అక్కా, మూడో పాదం దగ్గర ఆగిపోయాను.

ఏటిగట్టు:
విరుపులూ చమత్కారాలూ అక్కరలేని పూరణ ఇది. అమ్మా, ఈ సమస్యకు ఇదే పూరణ.

నల్లరేగడి:
ఏటిగట్టు గారి మాటే నా మాటా. "గడ్ప" కొంచెం గట్టిగా తగిలింది, "చెంచ" కురచ అయింది. అయినా "బిముడగా" దగ్గర అవన్నీ మరచిపోయాను. గంజి చెంచాలో జీవితం ఇమిడిందంటే ఎవరి జీవితం, అమ్మదా మీదా? ఆ రెండూ వినిపించడమే ఈ పాదం గొప్పతనం.

సన్నజాజి:
రెండూ. ఆ రోజులలో నేను రాసినవి అమ్మ మాత్రల వేళలే, అవీ కరెంటు బిల్లు వెనుక. ఎప్పుడు ఎంత గంజి తాగిందో, రాత్రి ఎన్ని గంటలకు నిద్రపట్టిందో. ఇప్పుడు డైరీ తెరిస్తే ఆ పుటలన్నీ తెల్లగా ఉన్నాయి. జ్ఞాపకం పెట్టుకుని ఒక్కొక్కటే నింపుదామని కూర్చున్నాను, కానీ పెన్ను కదలలేదు. చివరికి ఆ బిల్లులనే పుటల మధ్య అతికించి, ఈనాటి తేదీ దగ్గర మొదలుపెట్టాను. మునగకాయలు మళ్ళీ ప్రియమయ్యాయి. పనిమనిషి చెల్లమ్మ కూతురు ఇంటర్‌లో చేరింది, ఆ పిల్లకు నా పాత నిఘంటువు ఇచ్చాను. అమ్మ మంచం ఉన్న చోట కుట్టుమిషను పెట్టాం, అక్కడ వెలుతురు బాగా వస్తుంది.

కొండగాలి:
ఆ కరెంటు బిల్లు పద్యంలోకి రావాలి అక్కా. రెండో పాదంలో పెట్టె బదులు అదే ఉంటే?

సన్నజాజి:
ప్రయత్నించాను, యతి కుదరలేదు. మీరెవరైనా కుదిర్చితే సంతోషిస్తాను.

నల్లరేగడి:
నాకు రాత్రి దాకా సమయం ఇవ్వండి. ఏటిగట్టు గారూ, మీరూ ప్రయత్నించండి, ఈసారి విరవకుండా.

ఏటిగట్టు:
మొదలుపెట్టాను. "బిల్లు"కు "వెల్లి" అని ప్రాసయతి పట్టాను, ఇక అర్థం పట్టాలి.

నిర్వాహకుడు:
ఈ సమస్య ఆదివారం దాకా తెరిచే ఉంటుంది. తరువాతిది తేటగీతిలో, ఇప్పటి నుంచే ఆలోచించుకోండి:

కలము విరిచిన చేతికే కవిత పుట్టె