లారీలకి పెయింటింగ్ వేసేవాణ్ణి. స్టూడియో రెసిడెన్సీకి అప్లికేషన్ ఎలా పెట్టాలి?

ఆటోనగర్ కుంచె (విజయవాడ)

అందరికీ నమస్తే. ఆటోనగర్లో మా నాన్నకి లారీలకి పెయింటింగ్ వేసే షెడ్డు ఉంది. నేను వైజాగ్‌లో బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) చేసి, తిరిగొచ్చి నాన్నతోనే పని చేస్తున్నాను. వయసు 27. స్టిక్కర్లొచ్చాక చేత్తో వేసే పని బాగా తగ్గింది. ఖాళీ దొరికినప్పుడు తుక్కుకి పోయే డోరు రేకులు, పాత బాడీ చెక్కలు తెచ్చుకుని వాటి మీద సొంతంగా బొమ్మలు వేస్తున్నాను. లారీలకి వాడే అదే ఎనామిల్ పెయింటు, అవే బ్రష్షులు.

ఢిల్లీలో ఖోజ్ అనే ఆర్టిస్టుల సంస్థ లాంటి చోట రెసిడెన్సీకి, అంటే కొన్నాళ్లు వాళ్ల స్టూడియోలో ఉండి సొంత పని చేసుకోవడానికి, అప్లై చెయ్యమని కాలేజీ ఫ్రెండ్ ఒకడు పోరు పెడుతున్నాడు. సరే చూద్దామని ఒక ఫారం తెరిచాను. స్టేట్‌మెంట్ (నా పని గురించి నా మాటల్లో), ప్రపోజల్ (అక్కడ ఏం చేస్తానో), పది ఫొటోలు, ఇద్దరి రిఫరెన్సులు అడిగారు. స్టేట్‌మెంట్ దగ్గరే బండి ఆగిపోయింది.

షెడ్డులో నాన్నా నేనూ కలిసి వేసిన లారీల ఫొటోలు పెట్టొచ్చా, లేక రేకుల మీద వేసినవే పెట్టాలా? కొండపల్లి బొమ్మల ప్రభావం అని రాస్తే జడ్జీలకి నచ్చుతుందని ఫ్రెండ్ అంటున్నాడు, రాయనా? నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంకోటి, నెల రోజులు నేను లేకపోతే షెడ్డులో నాన్న ఒక్కడే అయిపోతాడు. అందుకే డబ్బుల సంగతి కూడా తెలుసుకోవాలి. ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి.

బందరు రోడ్డు

నిరుత్సాహపరచాలని కాదు బ్రదర్. ఇవన్నీ బరోడా, శాంతినికేతన్, ఢిల్లీ లాంటి పెద్ద ఆర్ట్ కాలేజీల వాళ్లకి. పేర్లు ముందే అనుకుని ఉంటారు. నువ్వు హాయిగా హైదరాబాద్ వెళ్లి సినిమా సెట్లకి పనిచేసుకో, నెల తిరిగేసరికి చేతిలో డబ్బులుంటాయి.

అరండల్‌పేట టీచరమ్మ (గుంటూరు)

పై ఆయన మాట పూర్తిగా అబద్ధమని అనను. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లని పిలుచుకోవడం ఈ రంగంలోనూ ఉంది. అప్లికేషన్ పెట్టకపోతే మాత్రం ఆ కాస్త అవకాశం కూడా ఉండదు కదా.

తమ్ముడూ, నేను బళ్లో డ్రాయింగ్ చెబుతాను, బొమ్మలు వేస్తాను. బెంగళూరులో ఒక రెసిడెన్సీ చేశాను. తర్వాత ఇంకెక్కడో ఒక చిన్న స్టూడియో వాళ్లు ఎంపికకి రమ్మంటే, ఆ కుర్చీలోనూ కూర్చున్నాను. అక్కడ కళ్లారా చూసిందే చెబుతున్నా.

ముందు ఫొటోలు చూస్తారు. ఒక్కొక్కరి బొమ్మలు తెర మీద గబగబా తిప్పేస్తుంటారు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు “ఆగండి, వెనక్కి వెళ్లండి” అంటారు. అలా ఆపించగలిగినవాళ్ల ప్రపోజలే నిదానంగా చదువుతారు. కాబట్టి స్టేట్‌మెంట్ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కోవడం మానేసి, ఫొటోల పని పట్టు.

ఎనామిల్‌తో పెద్ద చిక్కు మెరుపు. రేకు మీద వేసినదాన్ని ఎండలో ఫొటో తీస్తే నీ సెల్లూ, నీ మొహమూ, వెనకున్న కరెంటు స్తంభమూ అన్నీ బొమ్మలోకి వచ్చి కూర్చుంటాయి. ఫ్లాష్ అసలు వద్దు. పొద్దున్నే షెడ్డు నీడలో రేకుని నిటారుగా నిలబెట్టు. వెలుతురు పక్క నుంచి పడాలి. నీ వెనకాల నల్ల దుప్పటి కట్టి, దానికి చిన్న చిల్లు పెట్టి, అందులోంచి తియ్యి. రేకుకి మరీ దగ్గరగా వెళ్తే అంచులు వంకర పోతాయి, కొంచెం వెనక్కి జరిగి జూమ్ చెయ్యి. అంచులు నాలుగూ కనపడాలి, తుప్పు పట్టిన మూల కూడా. ఫిల్టర్లు పెట్టి ఎరుపుని ఇంకా ఎరుపు చెయ్యకు. ఇలా మొత్తం బొమ్మ వచ్చేలా ఏడెనిమిది ఉంటే, బ్రష్షు నడక తెలిసేలా దగ్గర నుంచి తీసినది ఒకటి, షెడ్డులో రేకు పక్కన మనిషి నిలబడినది ఒకటి పెట్టు. మనిషి లేకపోతే రేకు అరచేయంత ఉందో తలుపంత ఉందో చూసేవాళ్లకి తెలియదు.

ప్రతి ఫొటో కింద పేరు, దేనితో దేని మీద వేశావో, కొలత, సంవత్సరం రాయాలి. కొలతలో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. “మిక్స్‌డ్ మీడియా” అని రాసి వదిలెయ్యకు. “లారీ డోరు రేకు మీద ఎనామిల్” అని రాస్తే చదివేవాడి కళ్లు అక్కడే ఆగుతాయి. ఫారంలో ఫైల్ సైజు ఎంత చెబితే అంతే ఉండాలి. పరిమితి దాటితే కొన్ని సైట్లు అప్‌లోడే కానివ్వవు, ఆఖరి రోజు రాత్రి ఆ టెన్షన్ ఎందుకు?

ఇక నాన్నతో కలిసి వేసినవి. తప్పకుండా పెట్టు, ఒకటో రెండో. కింద “నాన్నతో కలిసి, గిరాకీ కోసం వేసినది” అని స్పష్టంగా రాయి. నీదొక్కడిదే అన్నట్టు పెట్టడం నాన్నకి అన్యాయం. పైగా ఇంటర్వ్యూలో ఎవరైనా “ఈ అక్షరాలు ఎవరు రాశారు?” అంటే తడబడతావు. అసలు ఇద్దరి చేతులు కలిసిన పని అని చెబితే నీ కథకి బలమే.

కొండపల్లి మాత్రం వద్దు. నువ్వెప్పుడైనా తెల్ల పొణికి చెక్క పట్టి చెక్కావా? చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి బొమ్మకి చేతులు అతికించావా? లేదు కదా. విజయవాడ అనగానే కొండపల్లి, గుంటూరు అనగానే మిరపకాయ అని బయటివాళ్లు అనుకుంటే అనుకోనీ, మనమే ఎదురెళ్లి ఆ బుట్టలో కూర్చోవాలా? లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, దారానికి సుద్ద రాసి గీత కొట్టడం నీకొచ్చు. అప్లికేషన్లు పెట్టేవాళ్లలో అది వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ప్రపోజల్లో అసలు ప్రశ్న ఒకటే. ఆ పని అక్కడికే వెళ్లి ఎందుకు చెయ్యాలి? ఆటోనగర్లో కూర్చుని చెయ్యగలిగిందే అయితే వాళ్లు నిన్నెందుకు పిలవాలి? ఖోజ్ స్టూడియో ఉండేది దక్షిణ ఢిల్లీ ఖిర్కీలో. ఊరికి ఉత్తరాన సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్ ఉంది, అదంతా లారీల ఊరే. అక్కడి డోర్ల మీద అక్షరాలు, అంచులు, రంగులు వేరు. దాని గురించి ఆలోచించు. ముగిసేసరికి ఇన్ని బొమ్మలు వేసిస్తానని మాటివ్వకు. చాలా రెసిడెన్సీలు అడిగేది పూర్తయిన పని కాదు. చివర్లో స్టూడియో తలుపులు తెరిచి, సగంలో ఉన్న పనినే జనానికి చూపించమంటారు.

ఇంగ్లీషు సంగతి: ముందు తెలుగులో రాసుకో, మా అందరికీ చెప్పినట్టే. తర్వాత ఎవరిచేతనైనా ఇంగ్లీషులో పెట్టించు. చిన్న వాక్యాలు చాలు.

తెనాలి ప్రింట్ మేకర్

టీచరమ్మగారు చెప్పాక బొమ్మల విషయంలో నేను చెప్పేదేం లేదు. డబ్బుల మాట నేను చెబుతా. అప్లికేషన్‌కి చిన్న ఫీజు ఉండటం మామూలే. అప్లై చేసిన వారంలోనే “మీరు సెలెక్ట్ అయ్యారు, వారానికి ఇంత కట్టి రండి” అని మెయిల్ వచ్చిందంటే, అది ఎంపిక కాదు, గది అద్దెకివ్వడం. విదేశీ పేర్లతో ఇలాంటివి బోలెడు. అమెరికాలో 1907 నుంచి నడుస్తున్న మెక్‌డోవెల్ లాంటి చోట ఎంపికైనవాళ్ల దగ్గర ఉండటానికి పైసా తీసుకోరు. ఒప్పుకునే ముందు ఐదు సంగతులు మెయిల్లో రాయించుకో: ప్రయాణం, బస, తిండి, సామాను ఖర్చు, చేతికిచ్చే డబ్బు. ఫోన్లో చెప్పినది లెక్కలోకి రాదు.

ఢిల్లీ ఒక్కటే కాదు. చెన్నై గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడెమీ ప్రాంతీయ కేంద్రం ఉంది. పెయింటింగ్, శిల్పం, గ్రాఫిక్స్, సెరామిక్ స్టూడియోలు ఉన్నాయి. అది రెసిడెన్సీ లాంటిది కాదు, రుసుము కట్టి పనిచేసుకునే చోటు. మనకి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై. బెంగళూరులో 1 శాంతిరోడ్, ముంబయిలో స్పేస్118 అనే ఆర్టిస్టుల చోట్లు కూడా చూడు.

నీకు 27 కాబట్టి కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ వయసు కూడా సరిపోతుంది. 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకి, నెలకి 10,000 చొప్పున రెండేళ్లు. ఊళ్లోనే ఉండి, షెడ్డు వదలకుండా చేసుకోవచ్చు. నాన్నగారి గురించి బెంగ ఉంటే నాకు ఇదే మేలనిపిస్తుంది.

బందరు రోడ్డు బ్రదర్‌కి ఒక మాట. గిరాకీ పని చేస్తూ సొంత పని చెయ్యడం కొత్తేం కాదు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ ఆధ్వర్యంలో మద్రాసు పక్కన చోళమండలం అనే ఆర్టిస్టుల ఊరు మొదలైనప్పుడు, అక్కడి ఆర్టిస్టులు బాతిక్ (మైనంతో అద్దకం వేసిన) గుడ్డల్లాంటివి చేసి అమ్ముకుంటూనే సొంత బొమ్మలు వేసుకున్నారు.

బందరు రోడ్డు

సరే సార్, ఒప్పుకుంటున్నా. సెట్ల పని మాట మాత్రం వెనక్కి తీసుకోను 😀

ఆటోనగర్ కుంచె (విజయవాడ)

అక్కా, సార్, చాలా థాంక్స్. దుప్పటి చిల్లు పద్ధతి చేసి చూశాను, మొహం పోయింది, బొమ్మ మిగిలింది. స్టేట్‌మెంట్ తెలుగులో రాశాను, తిట్టాలనిపిస్తే తిట్టండి:

“నా కళ మనిషికీ యంత్రానికీ మధ్య ఉన్న సంక్లిష్ట సంబంధాన్ని అన్వేషిస్తుంది. సంప్రదాయం, ఆధునికతల సంగమంలో అస్తిత్వపు వెతుకులాటే నా చిత్రాలు. మా షెడ్డులో డోరు అంచు గీత ఒక్క ఊపులో లాగుతాం, చెయ్యి ఆగితే అక్కడ పెయింటు ముద్ద కడుతుంది. నాన్న ఆ ముద్దని గుడ్డతో తుడిచేసి మళ్లీ లాగుతాడు. నేను నా రేకుల మీద తుడవను. రేకు మీద ముందే ఉన్న పాత ఓనరు పేరు, ఏపీ 16 నంబరు, సగం చెరిగిన ‘నన్ను చూసి ఏడవకురా’ కూడా అలాగే ఉంచి వాటి మధ్యలోంచి గీత తీసుకెళ్తాను.”

అరండల్‌పేట టీచరమ్మ (గుంటూరు)

మొదటి రెండు వాక్యాలు కొట్టెయ్. అవి ఎవరి ఫారంలోనైనా పెట్టొచ్చు, నాకు పెట్టినా సరిపోతాయి. “మా షెడ్డులో” దగ్గర మొదలుపెట్టు. నాన్న తుడుస్తాడు, నేను తుడవను, ఆ ఒక్క ముక్కలో నీ పనంతా ఉంది. దాన్ని పెంచి పాడుచెయ్యకు. ఏపీ 16 అంటే ఇక్కడివాళ్లకి కృష్ణా జిల్లా బండి అని తెలుసు, ఢిల్లీలో ఎవరికి తెలుస్తుంది? “ఏపీ 39 రాకముందు, జిల్లాకో నంబరు ఉన్న రోజుల నాటి బండి” అని ఒక ముక్క కలుపు. లారీ వెనక రాత ఎందుకు రాస్తారో కూడా ఒక వాక్యం. దిష్టి గురించి అని చెబితే చాలు.

ప్రపోజల్లో ట్రాన్స్‌పోర్ట్ నగర్ రాస్తే, అక్కడ ఏం చేస్తావో కూడా రాయి. అక్కడి పెయింటర్ల పక్కన కూర్చుని చూస్తావా, తుక్కు రేకులు కొంటావా, వాళ్లని నీ రేకు మీద గీత లాగమంటావా? నన్నడిగితే మూడోది. ఖిర్కీ నుంచి అక్కడికి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాలి. మెట్రో, ఆటో, రేకులు తేవడానికి టెంపో, అన్నీ బడ్జెట్లో వెయ్యి. తక్కువ చూపిస్తే మంచిపిల్లాడనుకుంటారని తగ్గించకు. లెక్క తెలియనివాడనుకుంటారు.

రిఫరెన్సుకి మీ కాలేజీ మాస్టారిని ఇప్పుడే అడుగు, కొత్త ఫొటోలు నాలుగు పంపి మరీ అడుగు. వాళ్లకి నువ్వు మూడో ఏడు వేసిన స్టిల్ లైఫే గుర్తుంటుంది. రెండో పేరుగా, నువ్వు బండి వేసిచ్చిన లారీ ఓనరు ఎవరైనా రాస్తానంటే నేనైతే పెడతాను. ఫారంలో “కళారంగం వాళ్లే” అని లేకపోతేనే సుమా.

తెనాలి ప్రింట్ మేకర్

ఒకటి మర్చిపోయా. ఎనామిల్ డబ్బాలు, టర్పెంటైన్, థిన్నర్ ఇక్కడి నుంచి పట్టుకెళ్లొద్దు. రైల్లో మండే సరుకు తీసుకెళ్లడం నేరం, విమానంలో అసలే కుదరదు. బ్రష్షులు మాత్రం నీవే తీసుకెళ్లు, చెయ్యి అలవాటు పడినవి. పెయింటు అక్కడే కొనేటట్టు బడ్జెట్లో రాయి. స్టూడియోలో ఎనామిల్ వాడనిస్తారా, గాలి ఆడే చోటు ఉందా అని ముందే మెయిల్ పెట్టు. పడుకునే గదీ పనిచేసే గదీ ఒకటే అయితే ఆ వాసనకి నువ్వు తట్టుకున్నా పక్కవాళ్లు తట్టుకోరు.

ఆటోనగర్ కుంచె (విజయవాడ)

వాసన సంగతి నాకు తట్టనే లేదు సార్, మాకిక్కడ అదే గాలి. ఇవాళే మెయిల్ పెడతాను. తేదీల గురించి నాన్నతో మాట్లాడాను. దసరా ముందు ఆయుధ పూజకి బళ్లన్నీ వరసకడతాయి, అప్పుడు కదలడానికి లేదన్నాడు. సంక్రాంతి దాటాక ఎప్పుడైనా సరే, మా బాబాయి కొడుకు వచ్చి చేస్తాడట. ఫారంలో “ఎప్పుడు రాగలరు” అనే గడిలో ఫిబ్రవరి, మార్చి అని నింపేశాను. జూనియర్ ఫెలోషిప్ ప్రకటన ఈసారి వచ్చినప్పుడు ఎవరైనా ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, దానికీ పెడతాను.