పెత్తనం చేతికొస్తే మనిషి మారతాడా, లోపలున్నదే బయటపడుతుందా?

పెన్నేటి వాసి: లిఫ్టు ఆగిపోయిందని మా పై అంతస్తు పెద్దమనిషి వాచ్‌మన్ చెంప పగలగొట్టారు. ఆఫీసులో పై అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరుగరు. కిందటి వారం అసోసియేషన్ అధ్యక్షుడు కారు అడ్డం పెడితే ఇదే ఆయన నవ్వుతూ అరగంట నిలబడ్డారు. దీన్ని కోపం అనాలా, లెక్క అనాలా? మీరు చూసినవి చెప్పండి.

మూడో బొత్తాం: లెక్కే. అయితే అందరూ ఒకే లెక్క వేయరు. నేను వైద్య కళాశాలలో చేరినప్పటికి మన రాష్ట్రంలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఇంకా రాలేదు. సీనియర్ ఎదురైతే తలెత్తకూడదు, చూపు మన చొక్కా మూడో బొత్తాం దాటకూడదు. రౌడీల్లా కనిపించే భారీ మనుషులు ఒక పాట పాడించుకుని వదిలేసేవారు. అర్ధరాత్రి లేపి గోడకుర్చీ వేయించి, మోకాళ్లు వణికితే బెల్టు అందుకున్నది మాత్రం నోట్లో నాలుక లేనట్టుండే ఒక బక్కపల్చని అబ్బాయి. ముందటి ఏడాది అందరికంటే ఎక్కువ ఏడిపించింది అతన్నేనట. అతని గదిలోనే ఉండే ఇంకో అన్నయ్య కూడా అన్ని దెబ్బలూ తిన్నవాడే. ఆయన మాత్రం ‘నా రికార్డులు రాయాలి, పదండి’ అని అరుస్తూ మమ్మల్ని తీసుకెళ్లి, తలుపు గడియపెట్టి పడుకోమనేవాడు. ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే అనుభవం.

ఓపిక తక్కువ: ఆ అన్నయ్య కూడా అరవడం మానలేదు, గమనించారా? మంచితనాన్ని కూడా పెత్తనం చాటునే దాచుకోవాలి కాబోలు.

లెక్కల మాస్టారు: 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాలు చాలామందికి తెలుసు. ప్రయోగం నడిపే మనిషి చెప్పినట్టు, తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ అవతలి గదిలోని మనిషికి కరెంటు షాకు పెంచుతూ పోవాలి. షాకు ఉత్తుత్తిదే, మీట నొక్కేవారికి ఆ సంగతి తెలియదు. వచ్చినవారు గుమాస్తాలు, టీచర్లు, ఇంజనీర్లు. 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారు. మనవాళ్లు అక్కడితో ఆపేస్తారు, అసలు సంగతి ఆ తర్వాతి మార్పుల్లో ఉంది. పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేం చేయం’ అని లేస్తే చివరి దాకా వెళ్లింది నలుగురే. మీట ఇంకొకరు నొక్కుతుంటే, తాము చిన్న సాయం మాత్రమే చేసేటట్టయితే, 40లో 37 మంది చివరి దాకా కొనసాగారు. స్వభావాలేమీ మారలేదు, కూర్చున్న చోటు మారిందంతే.

పెన్నేటి వాసి: స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం కూడా ఇదే చెబుతుంది కదా మాస్టారూ?

లెక్కల మాస్టారు: దాన్ని నేను అంతగా నమ్మను. 1971లో విద్యార్థులకే ఖైదీల, కాపలాదారుల వేషాలిచ్చి, రెండు వారాలనుకున్నది ఆరు రోజులకే ఆపేశారు. అధికారం వస్తే ఎవరైనా రాక్షసులవుతారని దాన్ని ఊరూరా చాటారు. తీరా చూస్తే, కఠినంగా ఉండమని ఒక కాపలాదారును ప్రయోగం నడిపే జట్టువాళ్లే బతిమాలడం రికార్డింగుల్లో వినబడుతుంది. ఆ అబ్బాయి ఎంత నచ్చజెప్పినా మెత్తగానే ఉన్నాడు.

చీరాల అల్లుడు: ప్రయోగాల దాకా ఎందుకండీ, కారంచేడు ఉంది. 1985 జూలైలో మాదిగపేట మంచినీళ్ల చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెలకు కుడితి పెట్టిన బకెట్టును కడుగుతూ నీళ్లు మురికి చేస్తున్నారు. ఇదేమిటని అడిగినందుకు కొట్టబోతే, ఒక దళిత మహిళ చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు ఉదయం, 17న, గుంపులుగా పేట మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరారు. ఆ ఊళ్లో భూమి, డబ్బు, రాజకీయ పలుకుబడి అన్నీ పెత్తందార్ల చేతిలోనే ఉన్నాయి, ఆ బిందెతో అవేవీ తరిగిపోలేదు. అయినా ఓర్చుకోలేకపోయారు. నా ఉద్దేశంలో హోదా నిబ్బరంగా ఉన్నంతకాలం తిట్టుతో, చెంపదెబ్బతో సరిపెట్టుకుంటుంది. కింద ఉన్నవాడు ‘ఇదేమిటి’ అని అడిగిన రోజే కత్తి తీస్తుంది.

శాంత: మా నాయనమ్మ ఊళ్లో దొరల గడీ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారట. దొర చేయి చేసుకున్నది తక్కువ, జీతగాళ్లే కొట్టేవారని చెప్పేది. మాస్టారు చెప్పిన 37 మంది లెక్క ఇదేనేమో.

ఓపిక తక్కువ: చుండూరు కూడా చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. ఇంకా ఎవరు సాత్వికులు, ఎవరు కోపిష్టులు అని తూకం వేసి ఏం లాభం?

మూడో బొత్తాం: లాభం ఉందండీ. కారంచేడులో ఆ ఉదయం గుంపుతో కదలకుండా ఇంట్లో ఉండిపోయిన పెత్తందారీ కులం వాళ్లూ ఉండే ఉంటారు. వాళ్లను ఆపింది భయమా, పిరికితనమా, ఇంకేదైనానా? అల్లుడు గారూ, మీ అత్తగారి వైపు ఆ కాలం పెద్దలెవరైనా ఉంటే అడిగి రాయగలరా?

చీరాల అల్లుడు: మా మామగారు ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతారు. అత్తగారిని అడిగి చూస్తాను.