చదువు తలకెక్కట్లేదు, నిద్ర పట్టట్లేదు. ఇది బద్ధకమా, డాక్టర్‌కి చూపించుకోవాలా?

నల్లగొండ_గ్రూప్2
గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటున్నాను. వయసు 29. డిగ్రీ అయ్యాక మిర్యాలగూడలో చిన్న ప్రైవేటు ఉద్యోగం చేసేవాడిని, నోటిఫికేషన్లు వరసగా పడతాయంటే మానేసి వచ్చేశాను. మొదట్లో బాగానే చదివాను. సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపులు తీయకముందే వెళ్లి సీటు పట్టుకునేవాడిని, టెస్ట్ సిరీస్‌లో మార్కులు కూడా బాగానే వచ్చేవి.

కొన్ని నెలలుగా అంతా తలకిందులైంది. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ మీద గంట గడిచిపోతోంది. పాలిటీలో కళ్లు మూసుకుని చెప్పే ఆర్టికల్స్ కూడా కొత్తగా చూస్తున్నట్టు ఉంటున్నాయి. రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర రాదు, వచ్చినా నాలుగింటికల్లా గుండె దడతో మెలకువ వచ్చేస్తుంది. అన్నం సహించట్లేదు. నాన్న ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి కాదు, ఎత్తితే "రిజల్ట్ ఎప్పుడంటరా" అని అడుగుతాడని భయం. ఆయన తప్పేం లేదు, కౌలుకి తీసుకున్న పొలం మీద వచ్చిన డబ్బులే నాకు పంపుతున్నాడు, అందుకే ఇంకా బాధ. రూమ్మేట్‌తో చెబితే "అందరికీ ఉండే టెన్షనే, టైమ్‌టేబుల్ వేసుకో" అన్నాడు. వేసుకున్నాను, రెండో రోజుకే ఆగిపోయింది.

ఈ మధ్య పొద్దున మెలకువే రాకపోతే బాగుండు అనిపిస్తోంది. ఏదో చేసుకోవాలనైతే లేదు. ఇది నా బద్ధకమా, నిజంగా ఏదైనా జబ్బా? డాక్టర్ దగ్గరికి వెళ్తే మందులతో మొద్దుబారిపోతానా? రేపు ఉద్యోగం వస్తే ఇది అడ్డమవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

చిక్కడపల్లి_సీనియర్
తమ్ముడూ, ముందు ఆ చివరి ముక్క గురించి. ఈ రాత్రే 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన లైన్, పైసా ఖర్చు లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలని ఉంటేనే చెయ్యాలని లేదు, నిద్ర పట్టట్లేదని కూడా చెయ్యొచ్చు. రూమ్మేట్‌కి కూడా టెన్షన్ అని కాకుండా ఇక్కడ రాసినట్టే చెప్పు, టెన్షన్ అంటే ఇక్కడ ఎవరికీ ఏమీ వినపడదు.

బద్ధకమా అని అడిగావు. బద్ధకస్తుడు లైబ్రరీ తెరవకముందే వెళ్లి లైన్లో నిలబడడు. మనల్ని తినేసేది చదువు కంటే ఎదురుచూపు. 2022 గ్రూప్-1 బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాం, మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశాం, సెప్టెంబర్‌లో కోర్టులో అదీ పోయింది. కొత్త నోటిఫికేషన్ వచ్చి 2024 జూన్ 9న ఇంకోసారి. గ్రూప్-2 అయితే 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకు వేసి, వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్‌లో జరిగింది. ప్రతిసారీ పరీక్ష వారం రోజుల్లో ఉన్నట్టు ఒళ్లు బిగబట్టుకుని ఉండటం, అంతలో కాదనడం, మళ్లీ మొదలుపెట్టడం. ఎంత గట్టి మనిషికైనా ఇన్నేళ్లు ఇలా నడిస్తే ఏదో ఒకచోట కూలబడతాడు, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఇంకో మాట. టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రా. అర్ధరాత్రి "రేపే కీ", "కటాఫ్ ఇంత" అని ఎవడో పెడతాడు, పొద్దున దాకా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. నిజంగా ఏదైనా వస్తే అఫీషియల్ వెబ్‌సైట్‌లో వస్తుంది, రోజుకి ఒక్కసారి చూస్తే చాలు.

ఎల్బీనగర్_కానిస్టేబుల్
నేను కొంచెం వేరేగా చెప్తా బ్రో, ఏమీ అనుకోకు. డాక్టర్ దాకా ఎందుకు, ముందు ఒంటిని కదిలించు. కానిస్టేబుల్ ఈవెంట్స్, అదే పరుగు పరీక్షల ప్రాక్టీస్ టైమ్‌లో పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్లేవాడిని, చదువు దిగాలు కూడా సగం అక్కడే వదిలేసి వచ్చేవాడిని. ఇందిరా పార్క్ నీ పక్కనే ఉంది కదా, రోజూ పొద్దున ఒక గంట నడువు, ఫోన్ రూమ్‌లో పడేసి వెళ్లు. మందులు మొదలుపెడితే వదలవు అంటారు.

పీజీ_సైకియాట్రీ
నడక గురించి అన్న చెప్పింది నిజం, మేమూ చెప్తాం. కానీ మందుల మాట అలా వదిలేయలేను, ఆ భయంతోనే చాలామంది బాగా ముదిరాక వస్తారు.

ఇక్కడ చదివి జబ్బు ఇదీ అని తేల్చడం కుదరదు. నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, చావు గురించిన ఆలోచనలు, ఇలాంటివి కొన్ని కలిసి దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటితే డిప్రెషన్ ఉందేమో చూడాల్సిందే. రోజూ లేచే వేళ కంటే బాగా ముందే మెలకువ వచ్చేయడం, పొద్దున పూట మరీ భారంగా ఉండడం మేం ప్రత్యేకంగా అడిగే లక్షణాలు. చదివింది గుర్తుండకపోవడం కూడా దీంట్లో భాగమే, మీ తెలివి ఎక్కడికీ పోలేదు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే, ఆ నిద్రే లేనప్పుడు ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చుని చదివితే ఏం నిలుస్తుంది చెప్పండి.

థైరాయిడ్ సమస్య, రక్తహీనత, బి12 తక్కువవడం వల్ల కూడా ఇలాంటి నీరసం, మతిమరుపు వస్తాయి, హాస్టల్ తిండి మీద ఉండేవాళ్లకి రక్తపరీక్ష చేయించడం మంచిది. తేలికగా ఉంటే కౌన్సెలింగ్‌తోనే సరిపోవచ్చు. మందులు అవసరమైతే, డిప్రెషన్‌కి ఈరోజుల్లో మొదట రాసేవి నిద్రమాత్రల్లాంటివి కావు, వాటిలా అలవాటు పడరు. కాకపోతే గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం వికారం, తలనొప్పి ఉండొచ్చు, ఒకవేళ కంగారు గాని ఆ చెడు ఆలోచనలు గాని పెరిగితే ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి. చాలామంది రెండు రోజులు వేసుకుని ఏమీ లేదని ఆపేస్తారు, లేదా కాస్త తేరుకోగానే సొంతంగా మానేస్తారు, అప్పుడు తిరగబెడుతుంది. మొద్దుబారినట్టు అనిపిస్తే చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోకండి.

ఉద్యోగం గురించి: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 23 చూడండి, పాలిటీ చదివేవారే కదా. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప డాక్టర్ బయటపెట్టకూడదు.

అశోక్‌నగర్ నుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా వెళ్లక్కర్లేదు, చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే గాంధీ హాస్పిటల్. అక్కడ సైకియాట్రీ ఓపీ ఉంది. ఆ మెలకువ రాకపోతే బాగుండన్న ఆలోచన కాస్త గట్టిపడినా, ఎలా ఏంటి అని మనసు వెళ్లినా, ఓపీ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, ఒంటరిగా మాత్రం ఉండకండి.

గాంధీనగర్_అక్క
అబ్బాయిల సంగతి రాశారు, మా లేడీస్ హాస్టల్లో దీనికి తోడు పెళ్లి. "ఈ ఒక్క ఏడాది చూస్తాం, ఆ తర్వాత సంబంధం ఖాయం చేస్తాం" అంటారు, ఆ ఏడాదిలో పరీక్ష వాయిదా పడితే అదీ మన తప్పే అవుతుంది. మా రూమ్‌లో ఒకమ్మాయి బంధువుల పెళ్లిళ్లకి వెళ్లడమే మానేసింది, పలకరింపులు తట్టుకోలేక.

తమ్ముడూ, నాకు సాయపడింది ఒకటి చెప్తాను. ఎప్పుడు ఆపాలో మనకి బయటివాళ్లు ఎవరూ చెప్పరు. సివిల్స్‌లో జనరల్ వాళ్లకి 32 ఏళ్లు, 6 అటెంప్ట్‌లు అని గీత ఉంది. ఇక్కడ తెలంగాణలో యూనిఫాం పోస్టులు కాకుండా మిగతావాటికి వయసు గీతని 2024లో 46 ఏళ్లకు పెంచారు. అవకాశం పెరిగిందని అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను, కానీ ఆగే చోటు కూడా అంతే దూరం జరిగింది. అందుకే గీత నేనే గీసుకున్నాను. ఫలానా పరీక్ష దాకా పూర్తిగా చదువు, ఆ తర్వాత ఉద్యోగం చేసుకుంటూ చదువు. ఇప్పుడు పొద్దునపూట ఒక ట్యూషన్ సెంటర్‌లో చెప్తున్నాను, సాయంత్రం నా పుస్తకాలు. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటే ఇంటి ఫోన్ ఎత్తడం కూడా తేలికైంది. కానీ ఈ నిర్ణయం ఇప్పుడు తీసుకోకు, నిద్ర లేని మనిషి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. కాస్త కుదుటపడ్డాక ఆలోచించు.

ఇంట్లో మాత్రం ఒక్కరికైనా చెప్పు. నాన్నకి చెప్పలేకపోతే అమ్మకి. డిప్రెషన్ అనే మాట వాడితే హడలిపోతారు. నేనైతే "అమ్మా, నిద్ర పట్టట్లేదు, అన్నం పోవట్లేదు, డాక్టర్‌కి చూపించుకుంటున్నా, కొన్నాళ్లు పరీక్షల గురించి అడగొద్దని నాన్నకి నువ్వే చెప్పు" అన్నాను. అమ్మ ఏడ్చింది, కానీ ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఎల్బీనగర్_కానిస్టేబుల్
డాక్టర్ గారూ, మందుల విషయం నాకు తెలియదు, మీరు చెప్పిందే సరి. బ్రో, గాంధీకి తోడు ఎవరూ లేకపోతే మెసేజ్ పెట్టు, డ్యూటీ లేని రోజు నేనొస్తా.

నల్లగొండ_గ్రూప్2
అందరికీ థ్యాంక్స్. రాత్రి 14416కి చేశాను, ఎత్తిన మేడమ్ చాలాసేపు మాట్లాడారు, పరీక్షల గురించి కాకుండా ఏం తిన్నావు, ఎవరితో ఉంటావు అని అడిగారు. రూమ్మేట్‌కి ఈ పోస్టే చూపించాను, వాడు కాసేపు ఏం మాట్లాడలేదు, సోమవారం గాంధీకి తనే వస్తానన్నాడు. కానిస్టేబుల్ అన్నా, తోడొస్తానన్న నీ మాటకి చాలా థ్యాంక్స్. అమ్మకి ఆదివారం చెప్తాను. డాక్టర్ గారూ, ఓపీకి ఏమైనా తీసుకెళ్లాలా?

పీజీ_సైకియాట్రీ
ఆధార్ ఉంచుకోండి, పాత రిపోర్టులు ఏవైనా ఉంటే అవి కూడా. ఏది ఎప్పటి నుంచి మొదలైందో ఒక కాగితం మీద రాసుకోండి, అక్కడ రద్దీలో డాక్టర్ ముందు సగం మర్చిపోతారు. ఇక్కడ రాసిందంతా చెప్పండి, ఏదీ దాచొద్దు. రక్తపరీక్ష అక్కడే రాస్తారు, బయట చేయించి డబ్బులు ఖర్చు పెట్టుకోకండి. రూమ్మేట్‌ని లోపలికి కూడా తీసుకెళ్లండి, మీ నిద్ర సంగతి ఆయనకే బాగా తెలుసు. సోమవారం రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లి చీటీ లైన్లో నిలబడండి.