చీటీ లేదని డెక్సా ఇవ్వని హాజీ గారిది తప్పా, ఒప్పా?

లాలాపేట_బీఫార్మ్:
అందరికీ సలాం, నమస్కారం. గుంటూరు కొత్తపేటలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. మా ఓనరును అందరూ హాజీ గారంటారు. 2021 మే గుర్తుంది కదా, కరోనా రెండో వేవ్, మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, మందుల షాపులు మాత్రం తెరిచి ఉండేవి. అప్పుడాయన రెండు పనులు చేశారు. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ మాత్రలు, అంటే డెక్సా, ప్రెడ్నిసలోన్ లాంటివి, ఎవరికీ ఇవ్వలేదు. పైగా స్టాకులో కొంత పక్కన పెట్టి, కీళ్లవాతానికో, కిడ్నీ మార్పిడి అయ్యాకో ఏళ్ల తరబడి వాడుతున్న పాత పేషెంట్లకే ఇచ్చారు.

మొన్న ఒక వలీమా దావత్‌లో, అంటే పెళ్లి విందులో, ఒకాయన అందరి ముందూ అడిగేశాడు: "మా అన్న కోసం వస్తే కొట్లో మందు పెట్టుకుని లేదు పొమ్మన్నావు. ఆయన పోయాడు. ఇక నీ ఐదు పూటల నమాజు ఎందుకు?" హాజీ గారు మారు మాట్లాడలేదు. అప్పటి నుంచి షాపులో మాలో మాకే వాదన. షెడ్యూల్ హెచ్ మందు చీటీ లేకుండా అమ్మకూడదని నాకూ తెలుసు. నేనడిగేది దీన్, అంటే మన మతధర్మం, ప్రకారం. ప్రాణం మీదికొస్తే హరామ్ కూడా హలాల్ అవుతుందంటారే, మరి చీటీ ఎంత?

వించిపేట_భాయ్:
తప్పే. ఇందులో ఆలోచించేదేముంది? ఖురాన్ 5:32 చూడు, ఒక ప్రాణం కాపాడితే మానవాళినంతా కాపాడినట్టే. 2:173 చూడు, గత్యంతరం లేక తిన్నవాడికి పాపం లేదు. పంది మాంసానికే వెసులుబాటు ఇచ్చిన దీన్, కాగితం ముక్క కోసం మనిషిని వదిలెయ్యమంటుందా? ఆ నెలలో డాక్టర్లు ఎక్కడ దొరికారు? మేము బెజవాడ సూర్యారావుపేటలో బెడ్డు కోసం అంబులెన్సు పెట్టుకుని ఆస్పత్రి ఆస్పత్రికీ తిరిగాం. ఇక స్టాకు పక్కన పెట్టడం అచ్చంగా ఇహ్‌తికార్, అక్రమంగా సరుకు దాచడం. పాపి తప్ప ఇంకెవడూ సరుకు దాచడని సహీహ్ ముస్లిం గ్రంథంలో హదీసు, అంటే ప్రవక్త మాట, ఉంది.

బెజవాడ_హేతువాది:
మధ్యలో ఖురాన్, హదీసు ఎందుకండీ? 1940 మందుల చట్టం ఉంది, దాని కింద 1945 రూల్స్ ఉన్నాయి. చీటీ లేదు, ఇవ్వలేదు. చర్చ అయిపోయింది.

లాలాపేట_బీఫార్మ్:
అయిపోలేదు సార్. ఆ నెలలో చీటీ ఏదని అడిగే నాథుడు లేడు. ఇచ్చినా ఎవరికీ తెలిసేది కాదు. ఆయన చెయ్యి ఆపింది కేసు భయం కాదు. అందుకే ఈ వైపు నుంచి అడుగుతున్నాను.

వార్డు_సిస్టర్:
నేను ముస్లింను కాదు, హదీసుల సంగతి నాకు తెలీదు. కానీ ఆ వేవ్‌లో కోవిడ్ వార్డులో, ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వార్డులో డ్యూటీ చేశాను కాబట్టి రెండు ముక్కలు చెప్తాను.

డెక్సా ప్రాణం నిలిపే మందే, అందులో సందేహం లేదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో చేసిన 'రికవరీ' అనే ట్రయల్ ఫలితం వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ప్రయోజనం కనిపించలేదు. మన ఊళ్లలో వాడింది ఎవరు? జ్వరం వచ్చిన రెండో రోజే, వాట్సాప్‌లో వచ్చిన కోవిడ్ కిట్ లిస్టు చూసుకుని మొదలుపెట్టినవాళ్లు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, షుగర్ పెంచేస్తుంది. అసలే షుగర్ ఉన్న మనిషైతే ఆ ఫంగస్‌కు పండగ. కన్ను తీసేసిన వాళ్లను చూశాను, పై దవడ తీసేసిన వాళ్లను చూశాను. బ్లాక్ ఫంగస్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చేదాకా వచ్చింది పరిస్థితి. అందరికీ స్టెరాయిడ్ వల్లే వచ్చిందని అనను. చీటీ లేకుండా కొన్న మాత్రల పాత్ర మాత్రం ఉంది.

ఇంకో మాట. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడేవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోతే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వాళ్ల కోసం పక్కన పెట్టడాన్ని దాచడం అంటారా?

ఫిఖ్_విద్యార్థి:
సిస్టర్ గారు తెలియకుండానే ఫిఖ్, అంటే ఇస్లామీ ధర్మశాస్త్రం, చెప్పేశారు. వించిపేట భాయ్, 2:173 అందరికీ కంఠతా వచ్చు. దాని మీద ఫుఖహాలు, అంటే ఆ శాస్త్ర పండితులు, పెట్టిన షరతులే ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. జరూరత్, అంటే నిషిద్ధాన్ని సడలించేంత అత్యవసరం, కావాలంటే ముప్పు ఊహలో కాదు, నిజంగా ఎదురుగా ఉండాలి. నిషిద్ధమైన ఆ వస్తువుతో ఆ ముప్పు తప్పుతుందనే గట్టి నమ్మకం ఉండాలి. వేరే దారి ఉండకూడదు. ఇన్ని కుదిరినా ఎంత అవసరమో అంతే, అంతకు మించి లేదు. ఆకలితో చస్తున్నవాడికి మాంసం పనిచేస్తుందని ఎవడికైనా తెలుసు. రెండో రోజు జ్వరానికి డెక్సా పనిచేస్తుందని ఎవరికి తెలుసు? పని చెయ్యదనే తెలుసు. రెండో షరతు దగ్గరే జరూరత్ వాదన కూలిపోయింది.

అబూదావూద్ గ్రంథంలో ఇంకో హదీసు ఉంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడు. ఫార్మసిస్టు మందు తెలిసినవాడే కానీ, ఆ రోగిని పరీక్ష చేసినవాడు కాదు కదా. కౌంటర్ మీద నుంచి స్ట్రిప్పు తోసేస్తే ఆ నష్టం ఆయన మెడకే.

ఇహ్‌తికార్ సంగతి. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయం వాళ్లం కాబట్టి అందులో పెద్ద పండితుడు ఇమామ్ అబూ యూసుఫ్ మాట తీసుకుందాం. దేన్ని ఆపితే జనానికి హాని కలుగుతుందో అదంతా ఇహ్‌తికారే అన్నారాయన, తిండిగింజలు ఒక్కటే కాదు. కాబట్టి మందులూ వస్తాయి, ఇక్కడ భాయ్ మాట ఒప్పుకుంటాను. కానీ ఇహ్‌తికార్ అంటే రేటు పెరిగేదాకా ఆపడం. హాజీ గారు ఆపింది టీ ఖరీదు చెయ్యని స్ట్రిప్పు. పాత రేటుకే, దాని మీదే బతుకుతున్న రోగికి ఇచ్చారు. అమానతును, అంటే నమ్మి మన దగ్గర ఉంచినదాన్ని, హక్కుదారులకు అప్పగించమన్న ఖురాన్ 4:58 ఇలాంటి చోటే గుర్తు రావాలి.

కొరిటెపాడు_రాజు:
పాత పేషెంట్లు అంటే ఎవరండీ, మీ వాళ్లేనా? అడిగానని ఏమనుకోవద్దు.

లాలాపేట_బీఫార్మ్:
రాజు గారూ, మీ కొరిటెపాడు నుంచే ఒక పంతులు గారు వస్తారు, కిడ్నీ మార్పిడి అయినాయన. మంగళగిరి నుంచి ఒక నేత పనిచేసే అమ్మ వస్తుంది, కీళ్లవాతం. రిజిస్టర్ చూపించమంటే చూపిస్తాను గానీ పేషెంట్ల పేర్లు ఇక్కడ పెట్టకూడదు. ఈ అలవాటు 2020 మార్చిలోనే మొదలైంది. కరోనాకని హైడ్రాక్సీ క్లోరోక్విన్ మాత్రల కోసం జనం ఎగబడితే, అది రోజూ వేసుకోవాల్సిన లూపస్ (సొంత రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు) పేషెంట్లకే దొరక్కుండా పోయింది. కేంద్రం 26వ తేదీన దాని అమ్మకం మీద షెడ్యూల్ హెచ్1 మందుల ఆంక్షలే, అంటే చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలని, పెట్టింది.

పొన్నూరురోడ్డు_ఆపా:
బాబూ, ఒక్కటి చెప్పు. ఆయన "ఇవ్వను" అన్నారా, "లేదు" అన్నారా?

లాలాపేట_బీఫార్మ్:
మొదట్లో "ఇవ్వను" అనేవారు ఆపా. ఒక రోజు కౌంటర్ అద్దం పగిలింది. ఆ తర్వాత "లేదు" అనడం మొదలుపెట్టారు.

పొన్నూరురోడ్డు_ఆపా:
అయితే నాకు అక్కడే అభ్యంతరం. అది రంజాన్ నెల. రోజా, ఉపవాసం, పెట్టుకుని ఉన్నది లేదనొచ్చా? ఆ దావత్‌లో అడిగినాయన బాధ కూడా అదేననిపిస్తోంది, మందు కంటే మాట. "ఉంది, కానీ మీ అన్నకు చేటు చేస్తుంది" అని చెప్పి ఉంటే ఈ రోజు వేరేగా ఉండేది.

గవర్నర్‌పేట_పాతకాపు:
అమ్మా, కౌంటర్ ఇవతల నిలబడి చూస్తే తెలుస్తుంది. విజయవాడలో ముప్పయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఏడుస్తున్న మనిషికి వివరించేంత వ్యవధి ఆ నెలలో లేదు, వెనక యాభై మంది ఉండేవారు. "లేదు" అంటే వేరే కొట్టుకి వెళ్తాడు, అంతే.

అదీ సరైంది కాదనుకోండి. వేరే కొట్లో తీసుకుంటాడు కదా! హాజీ గారి మీద నా ఫిర్యాదు అబద్ధం గురించి కాదు, సగం పని చేసి ఆపేశారని. 2020 మార్చి 25న టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. డాక్టరు ఫోన్లో చూసి, చీటీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చెల్లుతుంది. నాకు తెలిసిన ఇద్దరు డాక్టర్లను బతిమాలుకున్నాను, రాత్రి పదింటిదాకా ఫోనెత్తారు. ఎవరూ దొరక్కపోతే 104 హెల్ప్‌లైన్. చీటీ లేనివాడికి చీటీ తెప్పించడం కూడా మన పనే.

ఫిఖ్_విద్యార్థి:
అంటే వేరే దారి ఉంది. మూడో షరతు కూడా పోయింది.

వించిపేట_భాయ్:
మీ షరతులు బాగున్నాయి భాయ్. నా ప్రశ్న మిగిలే ఉంది. ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 88 శాతం చూపిస్తోంది. బెడ్డు లేదు. డాక్టర్ల ఫోన్లు కలవట్లేదు, 104 బిజీ. ఈ స్థితిలో డెక్సా పనిచేస్తుందని సిస్టరే అన్నారు. ఇప్పుడు చెప్పు, ఇస్తావా లేదా?

ఫిఖ్_విద్యార్థి:
అలాంటప్పుడు, ఆ ఒక్క రోజు డోసు, 6 మిల్లీగ్రాములు, ఇవ్వొచ్చనే నాకనిపిస్తోంది. నేను ముఫ్తీని కాను, పెద్దల్ని అడగండి. కానీ హాజీ గారిని రోజూ అడిగినవాళ్లలో రీడింగ్ తెచ్చినవాళ్లు ఎందరు?

లాలాపేట_బీఫార్మ్:
చాలా తక్కువ. మేమూ అడిగేవాళ్లం కాదు. అది మేము చెయ్యాల్సిన పని.

గవర్నర్‌పేట_పాతకాపు:
నేనైతే అప్పుడూ ఇవ్వను. 88 అంటే ఇంట్లో ఉండకూడని మనిషి. ఒక మాత్ర చేతిలో పెడితే "మందు పడిందిలే" అని ఇంకో రోజు ఇంట్లోనే ఉంచేస్తారు. డెక్సా పనిచేసింది ఆక్సిజన్ అందుతున్నవాళ్లకి. వరండాలోనైనా సరే, ఆస్పత్రి గేటు దాటించాలి ముందు.

వించిపేట_భాయ్:
ఇంట్లోనే సిలిండర్ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు సార్, మా వీధిలోనే. వాళ్ల సంగతి?

గవర్నర్‌పేట_పాతకాపు:
సిలిండర్ ఎంత పెట్టాలో, ఎన్ని లీటర్లో వాళ్లకి ఎవరో ఒక డాక్టరు చెప్పే ఉంటాడు కదా నాయనా. ఆ నంబరు అడుగు. నేను చేస్తాను ఫోన్.