తెలంగాణ పోరాటం మీద నవల: నా కథానాయిక మనిషిలా లేదు, ఏం చేయను?

హనుమకొండ పిల్ల:
1946–51 సాయుధ పోరాటం మీద నవల రాస్తున్నాను. కథ జనగామ దగ్గరి ఊళ్లో. లక్ష్మి అనే చాకలి ఇంటి పిల్ల సగం వరకు దొర గడిలో వెట్టి చేస్తూ ఏడుస్తుంది, తర్వాత తుపాకీ పడుతుంది. చదివిన మా అక్క "ఇంటర్వెల్ ఎక్కడో నువ్వు చెప్పక్కర్లేదే" అంది. ఒళ్లు మండింది కానీ నిజమే. అయ్యో పాపం అనిపించకుండా, అలాగని దేవతను చేయకుండా ఆడవాళ్ల కష్టం ఎలా రాయాలి?

పాతపుస్తకాలోడు:
తుపాకీ కాసేపు పక్కన పెట్టండి. పాలకుర్తి ఐలమ్మ పోట్లాడింది కౌలు పొలంలో తను పండించిన పంట కోసం. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోదామని వస్తే ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు అడ్డం నిలబడ్డారు, పంట ఆమె ఇంటికే చేరింది. మీ లక్ష్మికి పోయేదేంటి? ఎన్ని కుంచాల గింజలు, ఎవరికి బాకీ? అది తేల్చండి, ఏడుపు దానంతట అదే తగ్గుతుంది.

నల్లరేగడి:
తుపాకీ తీసేయమనడం నాకు నచ్చలేదు. మల్లు స్వరాజ్యం ఆ పోరాటంలో సాయుధ దళం నడిపింది, తల మీద పదివేల రూపాయల వెల పెట్టారు. ఉన్నదాన్ని సినిమా అని దాచేస్తామా?

మోదుగుపూలు:
ఇద్దరూ రైటే. మా నాయనమ్మది ఆ పక్కే. దళం గురించి అడిగితే ఆమె చెప్పేది వంట గురించే. "ఎంతమంది అచ్చిండ్రని అడగొద్దు బిడ్డా, గటక పెట్టాలె, అంతే." (గటక అంటే జొన్న సంకటి లాంటిది.) అసలు టెన్షన్ తెల్లారాక. ఇంట్లో ఉండేది నలుగురు, బావి దగ్గర పది గిన్నెలు తోముతుంటే పోలీసు పటేలుకు తెలిసిపోదా? అందుకని ఇంట్లోనే బూడిదతో తోమి, ఆ నీళ్లు పశువుల కొట్టంలో పోసేవాళ్లట. మీ లక్ష్మిని ఆ గిన్నెల దగ్గర కూర్చోబెట్టండి.

ఇంకో మాట. 1948 సెప్టెంబర్‌లో కథ ఆపకండి. నిజాం పాలన పోయాక దళాల వెంట భారత యూనియన్ సైన్యం పడింది, అడవి బతుకు ఇంకా కష్టమైంది. "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకంలో కమలమ్మ మాటలు చదవండి. దళంలో ఉండి, కన్నబిడ్డను వేరేవాళ్ల చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాటం ఆపేశాక, ఇక ఇళ్లకు పొండమ్మా అన్నారు. ఏ ఇంటికి? అన్నేళ్లు మగవాళ్లతో అడవిలో తిరిగిందని ఊరు ఏమంటుంది? నన్నడిగితే మీ నవల అక్కడే మొదలవ్వాలి.

హనుమకొండ పిల్ల:
గిన్నెల సంగతి వాడుకోవచ్చా అక్కా? గడి సీన్లు మూడు కొట్టేశాను. నల్లరేగడి గారూ, తుపాకీ ఉంటుంది లెండి. 1951లో దాన్ని అప్పగించి వచ్చిన లక్ష్మి వాళ్లన్న ఇంట్లో ఉంటుంది. వదిన అన్నం పెడుతుంది కానీ మాట్లాడదు. ఇక్కడిదాకా వచ్చింది, రేపటి నుంచి మిగతాది.

మోదుగుపూలు:
వాడుకో తల్లీ. వదినను మాత్రం విలన్ చేయకు, ఆ గటక వండింది ఆమే కావచ్చు.