తిక్కన కందంలో ‘మానునె’ ఉందా?

కోవూరు నుంచి:
మూలికల మీద పాత ఇంగ్లీషు రచన ఒకటి తెలుగు చేస్తున్నా. అందులో పదే పదే ‘వల్నరరీ’ వస్తోంది, గాయాన్ని మాన్పే ఆకు అని. లాటిన్‌లో ‘వల్నస్’ అంటే గాయం. ‘వల్నరబుల్’ కూడా అక్కడిదే. దెబ్బకు లోనయ్యేదానికీ దెబ్బ మాన్పేదానికీ వేరు ఒకటే! తెలుగులో ఒక్క మాట కావాలి. తిక్కన గారి ‘మనమున నాటిన మాటలు... మానునె యధిపా’ రెండు రోజులుగా నోట్లో ఆడుతోంది. ‘మాన్పుడాకు’ అనొచ్చా?

ఒంగోలు మాస్టారు:
‘మానునె’ కాదు నాయనా, ‘విను మెన్ని యుపాయములను వెడలునె యధిపా’. ‘వి’కి యతి ‘వె’. ‘మా’ అయితే అచ్చు దగ్గరే చెడుతుంది. పైన ‘తనువున విరిగిన యలుగుల ననువున బుచ్చంగ వచ్చు’ అని చెప్పింది అలుగుల గురించి, అంటే బాణపు మొనల గురించి. అలుగు వెడలుతుంది, మానేది పుండు.

కావలి అక్క:
యతి సరే మాస్టారూ, తమ్ముడికి మానడం ఊరికే తట్టలేదు. సంస్కృత భారతంలో విదురుడు ఆ ముందు శ్లోకంలోనే ‘రోహతే’ అంటాడు. బాణం దెబ్బ మానుతుంది, గొడ్డలి పడిన అడవి మళ్లీ చిగురిస్తుంది, మాట చేసిన గాయం మాత్రం ‘న సంరోహతి’. పుండుకూ అడవికీ ఒకే క్రియ! వైద్యుల వ్రణరోపణమూ (పుండు మాన్పడం), మొక్కల రోపణమూ (నాటడం) ఆ ధాతువే. మన ‘మాను’ చూడండి, చెట్టూ అదే, నయమవడమూ అదే.

ఒంగోలు మాస్టారు:
రెండు మానులూ ఒకటే అనడానికి వినికిడి చాలదమ్మా. పొగ మానడం, పుండు మానడం దగ్గరివి, రెండింట్లోనూ ఆగడం ఉంది. అది వదిలేయండి, తిక్కన ‘విరిగిన’ చూడండి. మూలంలో ఆ మాట లేదు. నిండు బాణమైతే పట్టుకుని లాగొచ్చు. ఒంట్లో విరిగిన ముక్కకు పట్టు ఎక్కడ? దాన్నీ తీయొచ్చట, మాటను తీయలేమట. మన నెల్లూరాయన ఒక్క విశేషణంతో ఎంత పని చేశాడో!

కోవూరు నుంచి:
నా ఆకు సంగతి అలాగే ఉంది మాస్టారూ. కొడవలి తెగితే మా అవ్వ గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండేది. మూడో నాటికి పక్కు కట్టేది. ‘మానింది’ అనేది కాదు, ‘కూడుకుంది’ అనేది.

కావలి అక్క:
ఇంగ్లీషు ‘హీల్’ కూడా ‘హోల్’కు చుట్టమే, తెగింది ఒకటవడం. ‘కూడాకు’ అనేయ్ తమ్ముడూ!

ఒంగోలు మాస్టారు:
ఆగండమ్మా. మా వైపు పుండు ‘పూడుకుంది’ అంటారు. మీ అవ్వ ‘కూ’ అనేదా, ‘పూ’ అనేదా? బాగా గుర్తు తెచ్చుకో నాయనా.