కావన్ స్మిత్‌లు ఐరిష్ వాళ్లా, ఇంగ్లిషు వాళ్లా?

గోదావరి_డబ్లిన్: మా ఆఫీసులో ఒకరి ఇంటిపేరు స్మిత్, సొంతూరు ఐర్లండ్‌లోని కావన్ కౌంటీలో. అసలు పేరు మాక్ గవన్, అంటే కమ్మరి కొడుకు అని, ఇంగ్లిషు ప్రభుత్వం చట్టం చేసి మార్పించిందని అంటారు. నిజమేనా?

కొలిమి: నిజమే. 1465 నాటి చట్టం. డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్‌లలో ఇంగ్లిషు వాళ్ల మధ్య ఉండే ఐరిష్ వాళ్లు ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో పెట్టుకోవాలి. లేదంటే సొత్తు జప్తు. స్మిత్ అన్న మాట ఆ చట్టంలోనే ఉంది.

పాత_దస్తావేజు: మీరు చెప్పిన నాలుగింటిలో కావన్ ఏదండీ? 1465లో అక్కడ ఓరైలీలనే ఐరిష్ వంశం ఏలుబడి. డబ్లిన్ చట్టం అక్కడ చెల్లలేదు. 17వ శతాబ్దంలో అల్స్టర్ (కావన్ ఉన్న ఉత్తర ప్రాంతం) భూములు లాక్కుని వలసదారులకు పంచాక కౌలు కాగితాలూ కోర్టు కాగితాలూ ఇంగ్లిషులోకి మారాయి. కొందరు పేరు పలికే తీరు నిలుపుకొని మెక్‌గోవన్ అయ్యారు, కొందరు అర్థం తీసుకుని స్మిత్ అయ్యారు. ఇంగ్లండు నుంచి వచ్చిన స్మిత్‌లూ ఉన్నారు.

సుధ_కార్క్: అమెరికా వెళ్లిన వాళ్ల పేర్లు ఎల్లిస్ ఐలండ్‌లో, అంటే న్యూయార్క్ వలసల కేంద్రంలో, గుమస్తాలు మార్చారని విన్నాను.

పాత_దస్తావేజు: లేదు. ప్రయాణికుల జాబితా ఓడ బయలుదేరిన రేవులోనే రాసేవారు.

కొలిమి: చట్టం లేకపోతే బలవంతం లేనట్టేనా? మా ఇంటిపేరు కమ్మరి. తాతయ్యను బడిలో చేర్చిన రోజు పంతులుగారు ఆ పేరు తీసేసి ఊరి పేరు రాశారు. ఏ చట్టమూ చెప్పలేదు. నేను పాత పేరు తిరిగి పెట్టుకుంటానంటే ఆధారం చూపమన్నారు. తాతయ్య సుత్తి మా ఇంట్లోనే ఉంది, పిడి నున్నగా అరిగిపోయి. దాన్ని ఏ కౌంటర్‌లో ఇవ్వాలి? మీలాంటి వాళ్లే అక్కడా కూర్చున్నారు.

సుధ_కార్క్: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

పాత_దస్తావేజు: నన్ను ఆ గుమస్తాతో పోల్చకండి. నా భార్య కావన్ స్మిత్. ఆమె పూర్వీకుల కోసం ఆరేళ్లు వెతికాను. 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ దస్తావేజుల భవనం తగలబడినప్పుడు 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. నాకు దొరికింది 1911 జనాభా లెక్కల కాగితం ఒక్కటే. అందులో ఆమె ముత్తాత స్మిత్ అనే సంతకం చేశారు. ఆ సంతకం ఆయనది కాదని చెప్పే హక్కు మీకు లేదు, నాకూ లేదు.

కొలిమి: హక్కు ఆయన మనవలకు ఉంది. కాగితం కాలిపోయిందని పేరు కూడా పోయినట్టేనా? నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే.

గోదావరి_డబ్లిన్: ఆ కాగితంలో భాష గడి కూడా ఉంటుంది కదా. ఏమని రాశారు?

పాత_దస్తావేజు: “ఐరిష్, ఇంగ్లిషు” అని.

కొలిమి: చూశారా, ఐరిష్‌ను ముందు రాశారు!

పాత_దస్తావేజు: రెండూ వచ్చిన వాళ్లు ఆ వరుసలోనే రాయాలని ఫారం మీదే అచ్చయి ఉందండీ.